పాత కారునకు క్రొత్త పెట్రోలు గొట్టములు

ఇంటిలో వంటగ్యాసు వాసన వచ్చినచో ఏ గృహిణియు నూరకుండదు. పొయ్యి కట్టివేయును, సిలిండరు మీది రెగ్యులేటరును త్రిప్పివేయును, కిటికీలు తెఱచును, దీపపు మీటను తాకవద్దని పిల్లలను హెచ్చరించును. ఆ వాసన యేమి చెప్పుచున్నదో యామె యెఱుగును. కాని యా గృహిణియే కుటుంబముతో గూడ కారులో పోవుచుండగా పెట్రోలు వాసన వచ్చినచో, "పాత బండి గదా, ఆ మాత్రము వాసన రాకుండునా?" యని ప్రక్కవా రెవరో యనగానే సమాధానపడును. వంటగ్యాసునకు నొక న్యాయమును, పెట్రోలునకు వేఱొక న్యాయమును ఉండుట మాకు వింతగా దోచుచున్నది. రెండింటి యావిరియు గాలికంటె బరువైనదే. రెండును నేలబారుగ ప్రాకి, దూరమున నున్న నిప్పును వెదకికొని పోవునవే.

కారులో పెట్రోలు వాసన వచ్చుటకు తఱచుగా గారణమగునది మూరెడు పొడవు కూడ లేని యొక రబ్బరు గొట్టము. దాని వెల కొన్ని వందల రూపాయలకు మించదు. అంత స్వల్పవస్తువుపై ఇంటిల్లిపాది ప్రాణములు ఆధారపడి యున్నవి. కావున ఈ గొట్టములు ఎందుచేత చెడునో, వానిని ఎట్లు మార్చవలెనో, మార్చిన పిదప ఎట్లు బిగించి కట్టవలెనో యిచ్చట వివరింప దలచితిమి. ముందుగా నొక్క మాట చెప్పవలెను. గొట్టమును మార్చుట సగము పని మాత్రమే. దానిని కదలకుండ, ఒరయకుండ, కాలకుండ కట్టుట తక్కిన సగము. మొదటి సగము చేసి రెండవ సగము విడిచిపెట్టిన బండి, క్రొత్త గొట్టముతో గూడ ప్రమాదమునకు గుఱియగుచుండును.

"ఇది పురుషుల పని, మన కెందుకు?" అను సోదరీమణులకు బెర్తా బెంజ్ కథ చెప్పుదుము. మోటారు బండిని నిర్మించిన కార్ల్ బెంజ్ భార్య యీమె. 1888 ఆగస్టు మాసమున నీమె తన యిద్దరు కుమారులను వెంటబెట్టుకొని, భర్తకు ముందుగా చెప్పకయే, ఆయన నిర్మించిన మూడు చక్రముల బండిపై జర్మనీ దేశపు మాన్‌హైము నగరమునుండి ఫోర్ట్స్‌హైములోని పుట్టింటికి బయలుదేఱినది. నూఱు కిలోమీటరులు దాటిన యా ప్రయాణములో నింధనపు గొట్టమునకు అడ్డు పడగా, తన టోపీ సూదితో దానిని తానే శుభ్రపఱచుకొన్నది. ఇంధనము తఱిగినప్పుడు దారిలో నొక మందుల దుకాణమున కొనుక్కొన్నది. మోటారు బండిపై దూరప్రయాణము చేసి, దారిలో గొట్టపు చిక్కును తన చేతులతో విడదీసికొన్నది ఒక తల్లి. అట్టి విషయము మన కక్కఱలేనిదగునా?

పెట్రోలు స్వభావము

మన పెద్దలు కిరసనాయిలు దీపములతో కాలము గడపినవారు. అందుచేత చమురన్న మన యిండ్లలో నంతగా భయము లేదు. కాని కిరసనాయిలు వేఱు, పెట్రోలు వేఱు. కిరసనాయిలు బాగుగ వెచ్చబడిన గాని మండదగిన యావిరి నీయదు. పెట్రోలు సున్నకు దిగువను 40 డిగ్రీల చలిలో గూడ నట్టి యావిరి నీయగలదు. మాఘమాసపు తెల్లవాఱుజామున గూడ అది నిద్రపోవునది కాదు. ఆ యావిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువు. గాలిలో నూటికి సుమారు 1.4 పాళ్లు మొదలుకొని 7.6 పాళ్ల వఱకు కలిసియున్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలును. ఆ రవ్వ సిగరెట్టుదే కానక్కఱలేదు. బ్యాటరీ తీగె తాకుడు వలన పుట్టినదైనను, షెడ్డులోని విద్యుత్తు మీటలో పుట్టినదైనను సరియే.

గొట్టముల త్రోవ

మన దేశమున పెక్కు కుటుంబములు మక్కువతో నిలుపుకొన్న పాత బండ్లు మూడు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి బండిని మాదిరిగా గొని, 1958లో బెంగాలులోని ఉత్తరపాడాలో నిర్మింప నారంభించిన అంబాసిడరు మొదటిది. దాని నిర్మాణము 2014లో ఆగిపోయినది. ఫియట్ 1100 మాదిరిగా బొంబాయిలో తయారైన ప్రీమియరు పద్మిని రెండవది. 1983 డిసెంబరులో వెలువడి 2014 ఆరంభమున నిలిచిపోయిన మారుతి 800 మూడవది. తాతగారు కొన్న బండి యని, పెండ్లినాటి బండి యని వీనిని నేటికిని ప్రేమతో నడుపుకొనువా రున్నారు. ఆ ప్రేమను మేము తప్పు పట్టము. ప్రేమతో గూడ పరీక్షయు నుండవలెనని మాత్రమే మా మనవి.

ఈ బండ్లలో పెట్రోలు ట్యాంకు వెనుక భాగమున నుండును. ఇంజను ముందు భాగమున నుండును. రెండింటి నడుమ బండి యడుగున నొక సన్నని లోహపు గొట్టము సాగిపోవును. లోహపు గొట్టము కదలని చోట్ల పనికివచ్చును గాని, కదలెడు చోట్ల పనికిరాదు. ఇంజను రబ్బరు దిమ్మలపై కూర్చుండి నడచునంతసేపును ఊగుచుండును. అందుచేత ట్యాంకు దగ్గఱను, పంపు దగ్గఱను, ఫిల్టరునకు రెండు ప్రక్కలను, కార్బ్యురేటరు దగ్గఱను చిన్నచిన్న రబ్బరు ముక్కలు తగిలించియుందురు. కొన్ని బండ్లలో మిగిలిన పెట్రోలును ట్యాంకునకు మరల చేర్చు గొట్టము వేఱుగ నుండును. ఇవిగాక పెట్రోలు పోయు మూతి క్రింద నొక లావుపాటి రబ్బరు గొట్టమును, ట్యాంకు ఊపిరి పీల్చుటకొఱకు సన్నని గొట్టమును ఉండును. కనబడుచున్న ఒకటి రెండు ముక్కలను మాత్రము మార్చి తక్కినవానిని మఱచిపోవుట మన షెడ్డులలో సాధారణము.

అంబాసిడరు పాత యింజనులో గమనింపదగిన విశేష మొకటి కలదు. ఆ యింజనునకు కార్బ్యురేటరును, కాగిన పొగను వెడలగొట్టు గొట్టమును ఒకే ప్రక్కన నున్నవి. పొగగొట్టము దిగువను, కార్బ్యురేటరు ఎగువను. పైని గొట్టమునుండి రాలిన ప్రతి బొట్టును ఎచ్చట పడునో చదువరులే యూహించుకొనవచ్చును.

చెడుటకు గారణములు

మొదటి కారణము కాలము. ప్రకృతిసిద్ధమైన రబ్బరు పెట్రోలులో నానినచో ఉబ్బి మెత్తబడును. అందుచేత నైట్రైలు అను కృత్రిమ రబ్బరును 1930 దశాబ్దమున జర్మనీలో కనిపెట్టిరి. నూనెకును పెట్రోలుకును ఇది చక్కగ నాగును గాని చిరంజీవి కాదు. బానెట్టు క్రింది వేడిమికి ఏండ్ల తరబడి కాగి, తుదకు గట్టిపడి, పైని బీటలు వాఱును.

రెండవ కారణము నేటి పెట్రోలు. పెట్రోలులో నెథనాలు అను సారాయి జాతి ద్రవమును కలుపుట మన దేశమున క్రమముగ హెచ్చినది. 2022 జూను నాటికి నూటికి 10 పాళ్ల కలయిక సిద్ధించినది. 2023 ఫిబ్రవరిలో 20 పాళ్ల పెట్రోలును బెంగుళూరులో విడుదల చేసిరి. 2025 నాటికి నది దేశమంతటను వ్యాపించినది. దీని మంచిచెడ్డలను తర్కించుట మా యుద్దేశము గాదు. అయితే ఎథనాలు లేని కాలమున తయారైన రబ్బరు దాని కలవాటుపడినది కాదు. ఎథనాలు దానిని ఉబ్బించును. దానిలోని మెత్తదనమును లాగివేయును. గాలిలోని తేమను పీల్చుకొని యినుప గొట్టములను లోపలనుండి త్రుప్పుపట్టించును. కొన్ని పాత బండ్లలో రబ్బరు భాగములను ముందుగా మార్చవలసి రావచ్చునని ప్రభుత్వమువారే 2025లో తెలిపియున్నారు.

మూడవ కారణము త్రుప్పు. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి సముద్రతీరపు టూళ్లలో ఉప్పుగాలికి బండి యడుగునందలి యినుప గొట్టము పైనుండియు చెడును. గొట్టమును పట్టియుంచు క్లిప్పుల క్రింద మట్టియు తడియు నిలిచి, సరిగా ఆ చోటనే చిల్లులు పడును. పైకి కనబడు భాగము నున్నగ నుండుటచేత చూపరులు మోసపోవుదురు.

నాలుగవ కారణము ఎలుకలు. పదిదినములు కదలక నిలిచిన బండి వానికి మంచి కాపురపు టిల్లు. రబ్బరును కొఱకుట వానికి పరిపాటి. ఊరికి పోయివచ్చినవారు బండిని నడుపుటకు ముందు బానెట్టు తెఱచి చూచుట యెల్లప్పుడును మంచిది.

ఐదవది మానవుడు చేసినది. ఎవరో తొందరలో వేసిన గొట్టము, తీగెతో చుట్టిన ముడి, బొగ్గువలె కాగిన పొగగొట్టమునకు తగులుచున్న వంపు — ఇట్టివి మిగిలిన నాలుగింటికంటెను ఎక్కువ ప్రమాదకరములు.

చెడినదని తెలిసికొను విధము

గొట్టమును రెండు వ్రేళ్లతో నొక్కి, కొంచెము వంచి చూడవలెను. మంచి రబ్బరు మెత్తగ నొక్కుకొని మరల యథాస్థితికి వచ్చును. కొయ్యవలె గట్టిగ నున్నను, జిగటగ నున్నను, వంచినప్పుడు వెండ్రుకవాసి బీటలు కనబడినను అది చెడినట్లే. క్లిప్పు ప్రక్కన నుబ్బియుండుటయు, గొట్టము చివర తడిసి నల్లబడుటయు చెడు గుఱుతులే.

వాసన వచ్చు వేళను బట్టియు కొంత తెలియును. ట్యాంకు నిండుగ పోయించిన దినమున మాత్రమే వాసన వచ్చుచున్నచో, మూతి క్రింది లావు గొట్టమును, ట్యాంకు పైని సన్న గొట్టమును అనుమానింపవలెను. బండి నిలిపిన తరువాత వేడి ఇంజను దగ్గఱ వాసన వచ్చుచున్నచో కార్బ్యురేటరు వైపు గొట్టములను చూడవలెను. రాత్రి బండి నిలిపిన చోట పాత పత్రికల కాగితములు పఱచియుంచినచో బొట్టు ఎచ్చట పడినదో తెల్లవాఱునప్పటికి మచ్చ చెప్పును.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. పాత కార్బ్యురేటరు బండ్లలో పెక్కింట పంపు ఇంజను ప్రక్కనే యుండి పెట్రోలును ట్యాంకునుండి పీల్చుకొనును. పీల్చుకొను వైపు గొట్టమునకు బీట పడినచో, బండి నడచునప్పుడు పెట్రోలు వెలికి రాదు. గాలి లోపలికి పోవును. బండి ఎత్తు ఎక్కునప్పుడు తడబడును. మధ్యాహ్నపు టెండలో నిలిచిపోవును. "బొట్టు కారుట లేదు గనుక గొట్టము బాగుగనే యున్నది" యనుట చెల్లదు.

ఎట్టి గొట్టమును కొనవలెను?

నీటి గొట్టము, గాలి గొట్టము, పారదర్శకమైన ప్లాస్టికు గొట్టము — ఇవి పెట్రోలునకు పనికిరావు. కొలత సరిపోయినంత మాత్రమున జాతి సరిపోయినట్లు కాదు. పెట్రోలు గొట్టముపై దాని తరగతి ముద్రింపబడి యుండును. కార్బ్యురేటరు బండ్లలో నొత్తిడి స్వల్పము. చదరపు టంగుళమునకు 3 మొదలు 5 పౌనుల వఱకు నుండును. వీనికి ఎస్.ఏ.ఇ. 30 ఆర్ 7 అను ముద్రగల గొట్టము చాలును. అది 50 పౌనుల యొత్తిడికి నిర్ణయింపబడినది. ఇంజనులోనికి పెట్రోలును చిమ్ము పద్ధతిగల తరువాతి కాలపు మారుతి వంటి బండ్లలో నొత్తిడి సుమారు 40 పౌనులు గాని అంతకు మించి గాని యుండును. వీనికి 30 ఆర్ 9 ముద్రగల గొట్టమే వేయవలెను. అది 100 పౌనుల కాగును. దాని లోపలి పొర ఎథనాలునకు బాగుగ నాగు ఫ్లోరో రబ్బరుతో చేసినదై యుండును. ఆ కారణమున కార్బ్యురేటరు బండికి గూడ దానిని వేయించుట వృథావ్యయము కాదని మా యభిప్రాయము.

లోపలి వ్యాసము పాత గొట్టముతో సమముగ నుండవలెను. కొంచెము పెద్దది తెచ్చి క్లిప్పుతో గట్టిగ బిగించినచో రబ్బరు ముడుతపడి, ఆ ముడుత వెంబడి పెట్రోలు కారును.

త్రుప్పుపట్టిన లోహపు గొట్టమునకు బదులుగ పొడవైన రబ్బరు గొట్టమును ట్యాంకునుండి ఇంజను దాక లాగుట బాటప్రక్క షెడ్డులలో చూచుచున్నాము. ఇది కూడదు. రాళ్లు తగిలెడు చోట, పొగగొట్టము ప్రక్కన, రబ్బరు నిలువజాలదు. లోహమునకు లోహమే వేయవలెను. ఉక్కు గొట్టము గాని, నూటికి 90 పాళ్లు రాగియు 10 పాళ్లు నికెలును గల మిశ్రలోహపు గొట్టము గాని తగును. మిశ్రలోహము త్రుప్పుపట్టదు, వంచుటకును సులువు. వట్టి రాగి గొట్టము అందముగ నుండును గాని, బండి యదురులకు క్రమముగ గట్టిపడి పగులును.

మార్చు విధము

ఈ పని మెకానిక్కు చేయవలసినదే యైనను, ఎట్లు చేయవలెనో యింటివారు తెలిసికొనియుండుట యవసరము.

పని ఆరుబయట జరుగవలెను. తలుపులు మూసిన షెడ్డులో కాదు. దగ్గఱలో వంటపొయ్యి గాని, దేవుని దీపము గాని, అగరువత్తి గాని ఉండరాదు. ఇంజను చల్లారియుండవలెను. బ్యాటరీ ఋణ తీగెను ముందుగా విప్పవలెను. బండి క్రింద దూఱవలసి వచ్చినచో జాకీని మాత్రము నమ్మక, గట్టి స్టాండులపై నిలిపి, చక్రములకు అడ్డు కట్టెలు పెట్టవలెను. పెట్రోలు మంటలకు తగిన పొడి చిమ్ము సాధనమును చేతి కందునట్లు ఉంచవలెను.

ట్యాంకు దాదాపుగ ఖాళీ యైన దినమున ఈ పని పెట్టుకొనుట మేలు. మిగిలిన పెట్రోలును మూతగల లోహపు డబ్బాలోనికి పంపు సాయముతో తీయవలెను. గొట్టము నోట బెట్టుకొని పీల్చుట మన వారికి మిక్కిలి యలవాటు; ఇంతకంటె చెడ్డ యలవాటు లేదు. ఒక గుటక యూపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణాపాయము కలుగవచ్చును. పొరపాటున మ్రింగినవారిచేత వాంతి చేయింపరాదు. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మంచినీళ్ల ప్లాస్టికు సీసాలలో పెట్రోలు నింపి మూల నుంచుటయు ప్రమాదకరము. పిల్లలు దాహమునకు త్రాగవచ్చును.

చిమ్ము పద్ధతిగల బండ్లలో ఇంజను ఆగిన తరువాత గూడ గొట్టములో నొత్తిడి నిలిచియుండును. బ్యాటరీ తీగె విప్పుటకు ముందే పంపు ఫ్యూజును తీసివైచి, ఇంజను తనంత తానాగు వఱకు నడిపి, అటుపిమ్మట గొట్టము మొదలు చుట్టును బట్ట కప్పి మెల్లగ విప్పవలెను. లేనియెడల పెట్రోలు కన్నులలోనికి చిమ్మును.

విప్పుటకు ముందు గొట్టములు పోవు త్రోవను ఫోటో తీసి యుంచుకొనుట మంచిది. ఒకదానిని విప్పి, దాని స్థానమున క్రొత్తది తగిలించిన తరువాతనే రెండవదానిని విప్పవలెను. అట్లు చేసినచో పోవు గొట్టమును, తిరిగివచ్చు గొట్టమును తాఱుమాఱు కావు. పాత రబ్బరు పట్టుకొనిపోయినచో కత్తితో నిలువుగ చీల్చవచ్చును. కాని కత్తిమొన లోహపు మూతిని గీయరాదు. ఆ గీత వెంబడియే రేపు పెట్రోలు కారును.

క్రొత్త గొట్టమును పదునైన కత్తితో సమముగ కోయవలెను. ఇంజను ఊగుటకు తగిన వదులు ఉండవలెను గాని వ్రేలాడునంత పొడవుండరాదు. నడుమ మడతపడరాదు. ఫిల్టరుపై బాణపు గుఱుతు పెట్రోలు పోవు దిక్కును చూపును. ఆ దిక్కుగనే తగిలింపవలెను.

బిగించి కట్టుట

పనికి ప్రాణము వంటిది యిదియే. లోహపు మూతి చివర చిన్న ఉబ్బు చుట్టువాఱియుండును. గొట్టమును ఆ యుబ్బు దాటి కనీస మొక యంగుళము లోనికి త్రోయవలెను. క్లిప్పు ఉబ్బునకు వెనుక పడవలెను. ఉబ్బు మీద పడరాదు. క్రొత్తగా వేసిన లోహపు గొట్టమునకు చివర ఆ యుబ్బును సాధనముతో చేయించుట మఱవరాదు. నున్నని గొట్టముపై రబ్బరు ఎంత బిగించినను జాఱిపోవును.

క్లిప్పులలో గూడ భేదములున్నవి. పట్టీలో కంతలుండి స్క్రూతో బిగించు సాధారణపు క్లిప్పు, ఎక్కువ బిగించినచో రబ్బరును కొఱికివేయును. నున్నని పట్టీయు, పైకి మడచిన యంచులును గలిగి, చుట్టును సమముగ నొత్తు క్లిప్పులు పెట్రోలు గొట్టములకై ప్రత్యేకముగ దొఱకును. చిమ్ము పద్ధతిగల బండ్లకు ఇవియే వేయవలెను. ఇనుప తీగె, దారము, జిగురు పట్టీ మొదలగు వానితో కట్టిన కట్టు కట్టు కాదు. అది ప్రమాదమునకు పెట్టిన వాయిదా.

బండి యడుగున లోహపు గొట్టమును సుమా రడుగున కొకచోట క్లిప్పుతో పట్టింపవలెను. క్లిప్పునకును గొట్టమునకును నడుమ రబ్బరు మెత్త యుండవలెను; లేనిచో లోహము లోహమును ఒరసి తినివేయును. ఇనుప ఱేకులో చేసిన కంతగుండ పోవు చోట రబ్బరు వలయము తప్పక వేయవలెను. ఱేకు అంచు కత్తివంటిది. వేయి మైళ్ల యదురులలో నెట్టి గొట్టమునైనను కోసివేయగలదు.

పొగగొట్టమునకును, సైలెన్సరునకును వీలైనంత దూరముగ గొట్టమును నడపవలెను. దగ్గఱగ పోక తప్పనిచో నడుమ వేడి నడ్డు ఱేకు వేయవలెను. చేతి బ్రేకు తీగెకు, తిరుగు ఇరుసునకు తగులరాదు. బండి యడుగున అన్నిటికంటె క్రిందుగ వ్రేలాడరాదు. రోడ్డు గతుకు మొదట దానినే కొట్టును. విద్యుత్తు తీగెలతో కలిపి కట్టుట మహాపరాధము. ఇంధనమును, నిప్పురవ్వయు నొక్క కట్టలో నుండరాదు. మనుష్యులు కూర్చుండు చోటి లోపలనుండి గొట్టమును తీసికొనిపోరాదు. ఫిల్టరును గాలిలో వ్రేలాడదీయక, పట్టీతో బండి దేహమునకు బిగింపవలెను.

పరీక్ష

పని ముగిసిన వెంటనే కుటుంబమును ఎక్కించుకొని పోవుట తగదు. ఒలికిన పెట్రోలు ఆఱి, వాసన పూర్తిగ పోయిన తరువాతనే బ్యాటరీ తీగె కలుపవలెను. విద్యుత్తు పంపు గల బండియైనచో, ఇంజను నడుపకయే తాళము రెండు మూడు సార్లు త్రిప్పినచో గొట్టములో నొత్తిడి నిండును. అప్పుడు ప్రతి యతుకు చుట్టును తెల్లని పొడి కాగితముతో తుడిచి చూడవలెను. తడి యంటినచో వెంటనే ఆపి సరిచేయవలెను. అటుపిమ్మట ఇంజనును పది నిమిషములు నడిపి, మరల చూడవలెను. కొంత దూరము పోయివచ్చి మూడవసారియు, మఱునాటి యుదయమున నాలుగవసారియు చూడవలెను. వారము దినములైన తరువాత క్లిప్పులను మరల పరీక్షింపవలెను. క్రొత్త రబ్బరు కొంచెము కుదురుకొని పట్టు సడలును. ఈ పరీక్షలన్నియు పగటి వెలుతురున గాని, చేతి టార్చి వెలుతురున గాని చేయవలెను; అగ్గిపుల్ల గాని కొవ్వొత్తి గాని దగ్గఱకు తేరాదు.

మెకానిక్కు నడుగవలసినవి

"ఏం కాదమ్మా, క్లిప్పు బిగిస్తే సరిపోతుంది" అను మాట మనము వినని షెడ్డు లేదు. ఆ మాటకు ఉత్తరముగ మన ప్రశ్నలు సిద్ధముగ నుండవలెను. గొట్టముపై ముద్ర యేమి? అన్ని ముక్కలును మార్చితిరా, ఒకటియేనా? ట్యాంకు పైని గొట్టమును, మూతి క్రింది గొట్టమును చూచితిరా? అడుగున క్లిప్పులు ఎన్ని వేసితిరి? విప్పిన పాత ముక్క లెక్కడ? ఈ యైదు ప్రశ్నలు మర్యాదగ నడిగిన గృహిణి యెదుట ఏ మెకానిక్కును అలక్ష్యముగ పనిచేయడు. పాత ముక్కలను చేత బుచ్చుకొని వంచి చూచినచో, బండి యింతకాల మెట్టి స్థితిలో నడచినదో కన్నులకు కట్టును. నిజాయితీగల పనివాడు ఇట్టి ప్రశ్నలకు సంతోషించును గాని కోపింపడు.

పదునైదేండ్లు నిండిన కారునకు రిజిస్ట్రేషను పొడిగింపు పొందునప్పుడు తనిఖీ జరుగును. ఆ కాగితము చేతికి వచ్చినది గనుక గొట్టములన్నియు బాగుగ నున్నవని తలపరాదు. తనిఖీ ఒక దినపు మాట. రబ్బరు ప్రతి దినమును వయసు మీఱుచున్న వస్తువు.

నిప్పంటుకొన్నచో

ప్రయాణములో ఘాటుగ పెట్రోలు వాసన వచ్చినను, బానెట్టునుండి పొగ వచ్చినను, బండిని రోడ్డు ప్రక్కకు తీసి తాళము కట్టివేయవలెను. విద్యుత్తు పంపు గల బండిలో దానితో పెట్రోలు సరఫరా ఆగును. పిల్లలను, వృద్ధులను ముందుగ దింపవలెను. వాహనములు రాని ప్రక్క తలుపునుండి దింపుట క్షేమము. సామానుకొఱకు వెనుకకు పోరాదు. అందఱును బాగుగ దూరముగ నిలిచిన పిదప 112 గాని 101 గాని పిలువవలెను. బానెట్టును పూర్తిగ తెఱువరాదు. గాలి తగిలి మంట పైకి లేచును. నీరు పోయరాదు, పెట్రోలు నీటిపై తేలి మంటను నలుదిక్కులకు తీసికొనిపోవును. పొడి చిమ్ము సాధనము చేత నుండి, మంట చిన్నదైయున్న యెడల మాత్రము, దూరముగ నిలిచి మంట మొదటిపై చిమ్మవలెను. మంట పెద్దదైనచో బండిని విడిచిపెట్టుటయే వివేకము. బండి మరల దొఱకును.

ఇంట బియ్యపు డబ్బాలో పురుగు పట్టినదో లేదో నెల కొకసారి చూచుకొను గృహిణులకు, ఆఱు నెలల కొకసారి బానెట్టు తెఱపించి గొట్టములను వ్రేళ్లతో నొక్కి చూచుట భారము కాదు. ఏ యేట ఏ గొట్టము మార్చితిమో ఇంటి లెక్కల పుస్తకమున నొక పంక్తి వ్రాసియుంచుకొన్నచో మఱియు మంచిది. వాసన వచ్చిన దినముననే బండిని నిలిపివేయుట, చెడిన ముక్కతో బాటు దాని తోడివానినన్నిటిని మార్పించుట, మార్చిన ప్రతి గొట్టమును అడుగడుగునకు పట్టించి కట్టించుట — ఈ మూడింటిని పాటించు నింట పాత కారు నిర్భయముగ ఇంకను పెక్కేండ్లు తిరుగగలదు.